కుక్కల వాకింగ్, బోర్డింగ్ పనికి పబ్లిక్ లయబిలిటీ పాలసీ ఒక్కటే సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: కొండాపూర్‌లో మూడు గేటెడ్ కమ్యూనిటీల్లో రోజూ 14 కుక్కలను తిప్పుతున్నారు. మీతో పాటు ఇద్దరు అబ్బాయిలు పనిచేస్తున్నారు. పండగలకు, వేసవి సెలవులకు మీ ఇంట్లోనే నాలుగైదు కుక్కలను ఉంచుకుంటున్నారు. ఇప్పుడు ఒక అసోసియేషన్ వాళ్లు ఇన్సూరెన్స్ కాగితం చూపించమన్నారు. మీ ఏజెంటేమో 5 లక్షల పబ్లిక్ లయబిలిటీ పాలసీ తీసుకుంటే అన్నీ అందులోనే వచ్చేస్తాయి అన్నారు. అది నిజమేనా, అసలు ఇది తప్పనిసరా అని అడిగారు.

తప్పనిసరి కాదండీ. కుక్కలను తిప్పే పనికి ఇన్సూరెన్స్ ఉండి తీరాలని ఏ చట్టమూ అడగదు. అయినా తీసుకోండి. కాకపోతే "అన్నీ అందులోనే" అన్న మాట మాత్రం నమ్మకండి. ఆ పాలసీ ఉన్నది మీ చేతిలో ఉన్న కుక్క వల్ల ఇంకొకరికి జరిగే నష్టానికి. మీ చేతిలో ఉన్న ఆ కుక్కకే ఏదైనా అయితే మామూలుగా ఒక్క రూపాయి రాదు. పైగా పాలసీని మీ ఇంటి అడ్రసుకే కట్టేసి రాస్తే, రోడ్డు మీద కుక్క కరిచినా రాదు. ఈ రెండు చోట్లా ఏం రాసి ఉందో చూడకుండా ప్రీమియం కట్టవద్దు.

ముందు పాలసీ పేరు దగ్గరే పొరపాటు జరుగుతుంది. మన దేశంలో "పబ్లిక్ లయబిలిటీ" పేరుతో ఒకటి కంటే ఎక్కువ పాలసీలున్నాయి. ఒకటి 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం కింద ఇచ్చేది. అది ప్రమాదకర రసాయనాలు, వాయువులు నిల్వ చేసే వాళ్ల కోసం. దాని ప్రీమియం తక్కువని ఎవరైనా అంటగడితే మీకు ఎందుకూ పనికిరాదు. మీకు కావలసింది పబ్లిక్ లయబిలిటీ నాన్ ఇండస్ట్రియల్ పాలసీ, లేదంటే కమర్షియల్ జనరల్ లయబిలిటీ, అంటే ఏజెంట్లు సీజీఎల్ అని పిలిచేది. కొటేషన్ మీద ఈ రెండింటిలో ఏదో ఒక పేరు కనబడాలి.

నాన్ ఇండస్ట్రియల్ పాలసీని హోటళ్లు, స్కూళ్లు, ఆఫీసులు, సినిమా హాళ్ల లాంటి వాటిని దృష్టిలో పెట్టుకుని తయారు చేశారు. కాబట్టి అది "ఈ అడ్రసులో జరిగే ప్రమాదం" అన్న పద్ధతిలో నడుస్తుంది. షెడ్యూలులో, అంటే పాలసీ వివరాలుండే పేజీలో, మీ ఇంటి అడ్రసు ఒక్కటే రాస్తే, క్లయింటు అపార్ట్‌మెంట్ సెల్లార్లో జరిగింది దాని పరిధిలోకి రాదని కంపెనీ వాదిస్తుంది. మీ పనేమో పూర్తిగా బయటే. అందుకే వ్యాపార వివరణ గడిలో "పెట్ సర్వీసెస్" అని రెండు మాటలతో సరిపెట్టనివ్వకండి. డాగ్ వాకింగ్, క్లయింట్ల ఇళ్ల దగ్గర పెట్ సిట్టింగ్, సొంత ఇంట్లో బోర్డింగ్ అని మూడూ విడివిడిగా రాయించండి. దాని పక్కనే ఈ పనులు షెడ్యూలులోని అడ్రసులోనే కాక హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్ జిల్లాల్లో ఎక్కడైనా జరుగుతాయని రాయించండి. ఏజెంటు నోటి మాటతో "అది కవరవుతుంది సార్" అంటే సరిపోదు. పాలసీ కాపీలోనో, ఎండార్స్‌మెంట్‌లోనో, అంటే పాలసీకి జతచేసే సవరణ కాగితంలోనో, అచ్చులో కనబడాలి. సీజీఎల్‌లో ఈ ఇబ్బంది తక్కువ. కానీ చిన్న వ్యాపారానికి సీజీఎల్ ఇవ్వడానికి కొన్ని కంపెనీలు ముందుకు రావు, బ్రోకరు ద్వారా అడిగించాల్సి రావచ్చు.

5 లక్షలు చాలదు. ఎందుకో ఒక లెక్క చూడండి. మీ అబ్బాయి ఒక లాబ్రడార్‌ని లిఫ్ట్ దగ్గరికి తీసుకొచ్చాడు. తలుపు తెరుచుకోగానే అది ముందుకు దూకింది, లీష్ చేతిలోంచి జారింది, ఎదురుగా ఉన్న 70 ఏళ్ల పెద్దాయన వెనక్కి పడి తుంటి ఎముక విరిగింది. కాటు లేదు, గోటి గీత కూడా లేదు. అయినా ఆపరేషన్, ఆస్పత్రి ఖర్చు 3.8 లక్షలు, ఇంటి దగ్గర నర్సుకు, ఫిజియోథెరపీకి లక్ష, మీ తరఫు లాయరుకు 60 వేలు అనుకుందాం. మొత్తం 5.4 లక్షలు. మన దగ్గర పబ్లిక్ లయబిలిటీ పాలసీల్లో లాయరు ఖర్చు సాధారణంగా ఆ పరిమితిలోంచే పోతుంది, దానికి వేరే డబ్బు ఉండదు. అంటే 5 లక్షల పాలసీ ఉన్నా 40 వేలు మీ జేబులోంచే కట్టాలి. దాని మీద ఎక్సెస్, అంటే ప్రతి క్లెయిములో ముందుగా మీరు భరించాల్సిన మొత్తం, అదనం. పసిపిల్ల ముఖం మీద కాటు పడి ప్లాస్టిక్ సర్జరీ దాకా వెళ్లినా, బైక్ మీద వచ్చే మనిషి కుక్కను తప్పించబోయి పడి నెలల తరబడి ఉద్యోగానికి వెళ్లలేకపోయినా లెక్క ఇంకా పెద్దదవుతుంది. ఒక్క ప్రమాదానికి కనీసం 10 లక్షలు పెట్టుకోండి. మూడు కమ్యూనిటీలు, ఇద్దరు పనివాళ్లు ఉన్న మీకు 25 లక్షలే సబబని నా అభిప్రాయం. పరిమితి రెట్టింపు చేస్తే ప్రీమియం అదే నిష్పత్తిలో పెరగాలనేం లేదు, కాబట్టి 5, 10, 25 లక్షలకు మూడు కొటేషన్లు పక్కపక్కన పెట్టి చూడండి. ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, అది కలిపి చెప్పారో లేదో కనుక్కోండి.

కొటేషన్‌లో ఏఓఏ, ఏఓవై అని రెండు అంకెలుంటాయి. మొదటిది ఒక ప్రమాదానికి గరిష్ఠం, రెండోది ఏడాది మొత్తానికి గరిష్ఠం. 10 లక్షలు 1:1 అంటే ఏడాదంతటికీ కలిపి 10 లక్షలే. మార్చిలో ఒక క్లెయిముకు 7 లక్షలు పోతే మిగతా ఏడాదికి మిగిలేది 3 లక్షలు. 1:2 తీసుకుంటే ఏడాదికి 20 లక్షలు. మీ పనికి 1:2 బాగుంటుంది.

ఇంకో చిక్కు చాలామందికి తెలియదు. నాన్ ఇండస్ట్రియల్ పాలసీ సాధారణంగా క్లెయిమ్స్ మేడ్ పద్ధతిలో ఉంటుంది. అంటే ప్రమాదం జరిగిన రోజున పాలసీ ఉంటే చాలదు, అవతలివాళ్లు నష్టపరిహారం అడిగిన రోజున కూడా ఉండాలి. ఈ ఏడాది జూన్‌లో కుక్క కరిచింది, డిసెంబరులో పాలసీ ముగిసింది, మీరు రెన్యూ చేయలేదు, ఫిబ్రవరిలో లాయరు నోటీసు వచ్చింది. అప్పుడు ఏమీ రాదు. అందుకే మధ్యలో ఒక్క రోజు కూడా ఖాళీ పడకుండా రెన్యూ చేయాలి. కంపెనీ మారితే పాత పాలసీ మొదటి తేదీనే కొత్త దాంట్లో రెట్రోయాక్టివ్ డేట్‌గా, అంటే ఏ తేదీ నుంచి జరిగిన ప్రమాదాలకు కవర్ ఉంటుందో ఆ తేదీగా, వేయించాలి. కొత్త కంపెనీ ఆ గడిలో కొత్త పాలసీ తేదీ వేసేస్తే అంతకు ముందు జరిగినవన్నీ గాల్లో ఉంటాయి. రెన్యూవల్ చెక్కు బౌన్స్ అయినా అంతే. ప్రీమియం అందనిదే కవర్ మొదలవదని ఇన్సూరెన్స్ చట్టం 64వీబీ సెక్షన్ చెబుతుంది. ఆన్‌లైన్‌లో కట్టి రసీదు దాచుకోండి.

ఇప్పుడు అసలు విషయం, మీ సంరక్షణలో ఉన్న కుక్కల సంగతి. చట్టం దృష్టిలో కుక్క యజమాని ఆస్తి. దాన్ని మీకు అప్పగించడం 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం బెయిల్‌మెంట్, అంటే తిరిగి ఇచ్చే షరతుతో సొత్తు అప్పగించడం, అవుతుంది. 151వ సెక్షన్ ప్రకారం మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత సొత్తును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో మీరూ అంత జాగ్రత్తగా చూడాలి. అలా చూడకపోతే నష్టం మీదే. లయబిలిటీ పాలసీల్లోనేమో "ఇన్సూర్డ్ (పాలసీదారు) కేర్, కస్టడీ, కంట్రోల్‌లో ఉన్న ఆస్తికి నష్టం" అన్నది మినహాయింపుల జాబితాలో ఉంటుంది. మీ వ్యాపారంలో ఎక్కువ తలనొప్పులు వచ్చేది సరిగ్గా అక్కడే:

కుక్క మెడపట్టీ విడిపించుకుని పారిపోయింది. రాదు. బోర్డింగ్‌లో ఉన్న రెండు కుక్కలు కొట్టుకున్నాయి, ఒకదాని చెవి తెగింది. రెండూ మీ సంరక్షణలోవే కాబట్టి రాదు. ఏప్రిల్ మధ్యాహ్నం పగ్‌కి వడదెబ్బ తగిలింది. రాదు. మీరు తిప్పుతున్న కుక్క దారిన పోయే వేరేవాళ్ల కుక్కను కరిచింది. ఇది మాత్రం వస్తుంది, ఎందుకంటే ఆ రెండో కుక్క మూడో వ్యక్తి ఆస్తి.

అమెరికా, బ్రిటన్ వెబ్‌సైట్లలో చదివి చాలామంది ఇక్కడ పొరబడతారు. అక్కడ పెట్ సిట్టర్ల కోసమే కట్టిన ప్యాకేజీలుంటాయి, సంరక్షణలో ఉన్న జంతువు, పోయిన తాళాలు కూడా అందులో కలిపి దొరుకుతాయి. మన దగ్గర మీరు అడిగి చేర్పించుకోవాలి, అడిగినా కొన్ని కంపెనీలు ఇవ్వవు. ఎవరైనా ఎండార్స్‌మెంట్‌గా ఇస్తామంటే మూడు ప్రశ్నలు వేయండి. ఒక్కో కుక్కకు ఎంత, ఏడాదికి ఎంత? కుక్క పారిపోతే వర్తిస్తుందా, లేక గాయానికేనా? వెటర్నరీ ఖర్చు ఇస్తారా, లేక కుక్క విలువ మాత్రమే ఇస్తారా? ఈ మూడో ప్రశ్న చాలా ముఖ్యం. విలువ మాత్రమే ఇస్తామంటే, వీధిలోంచి తెచ్చి పెంచుకున్న నాటు కుక్కకు కొన్న ధర సున్నా. దాని కాలు విరిగితే ఆపరేషన్‌కి అయ్యే వేల రూపాయలు ఆ కవర్‌తో రావు.

ఆ ఎండార్స్‌మెంట్ దొరక్కపోతే మూడు పనులు కలిపి చేయాలి. ఒకటి, కుక్కల యజమానులను సొంతంగా పెట్ ఇన్సూరెన్స్ తీసుకోమని అడగండి. వాళ్ల పాలసీలో థర్డ్ పార్టీ లయబిలిటీ కూడా ఉండవచ్చు, కానీ అది యజమానికి రక్షణ, మీకు కాదు. వాళ్ల కంపెనీ డబ్బు కట్టాక, తప్పు మీదని తేలితే ఆ మొత్తాన్ని మీ నుంచి రాబట్టుకునే హక్కు దానికి ఉంటుంది. అంటే వాళ్లకు పాలసీ ఉన్నంతమాత్రాన మీ పాలసీ అక్కర్లేదని కాదు. రెండు, రాతపూర్వక ఒప్పందం. దాని సంగతి కింద చెబుతాను. మూడు, సొంత నిధి. కుక్కకు రోజుకు 10 రూపాయల చొప్పున 14 కుక్కలకు నెలకు 26 రోజులు పక్కన పెడితే నెలకు 3,640, ఏడాదికి 43,680 రూపాయలు. వేరే ఖాతాలో వేసి ముట్టుకోకండి. కుట్లు, ఎక్స్‌రే, రెండు రోజుల సెలైన్ లాంటి చిన్నచిన్న వాటికి ఇదే మీ ఇన్సూరెన్స్.

ఒప్పందంలో "ఏం జరిగినా మాకు సంబంధం లేదు" అని రాయించుకుంటే గట్టెక్కుతాం అనుకోకండి. అజాగ్రత్త రుజువైతే ఆ వాక్యం వినియోగదారుల కమిషన్ ముందు నిలబడటం కష్టం. కరిపించుకున్న పొరుగింటాయన ఆ కాగితం మీద సంతకమే పెట్టలేదు కాబట్టి ఆయనకది అసలు వర్తించదు. ఇంకో సంగతి: ఒప్పందంలో మీరు ఉదారంగా "పూర్తి బాధ్యత మాదే" అని రాసిస్తే, కాంట్రాక్టు ద్వారా అదనంగా నెత్తిన వేసుకున్న బాధ్యతను పాలసీ భరించదు. అది కూడా మినహాయింపే. అసోసియేషన్లు ఇచ్చే ఫారాల్లో ఇలాంటి వాక్యం తరచూ ఉంటుంది. సంతకానికి ముందు దాన్ని బ్రోకరుకు పంపి చూపించండి.

ఒప్పందంలో నిజంగా పనికొచ్చేవి వేరు. రేబీస్ టీకా తేదీ, కార్డు ఫొటో. మున్సిపల్ లైసెన్సు నంబరు. కుక్క ఇంతకు ముందు ఎవరినైనా కరిచిందా, దేనికి బెదురుతుంది అని యజమాని చేత్తో రాసిన జవాబు. పాత జబ్బులు, మందులు. అత్యవసరమైతే ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి, యజమాని ఫోన్ ఎత్తకపోతే ఎంతవరకు ఖర్చు పెట్టడానికి మీకు అనుమతి ఉంది, ఉదాహరణకు 10,000 రూపాయలు, ఆ డబ్బు ఎవరు కడతారు. లీష్ విప్పి వదలడానికి అనుమతి ఉందా లేదా. నా మటుకు, ఉందన్నా వదలకండి అంటాను.

పోలీసు కేసు గురించీ తెలుసుకోండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, తన ఆధీనంలో ఉన్న జంతువు వల్ల మనుషులకు ప్రాణాపాయం గానీ తీవ్ర గాయం గానీ కాకుండా జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. గమనించండి, అక్కడ యజమాని అని లేదు. లీష్ ఎవరి చేతిలో ఉంటే వారి మీదికి వస్తుంది, అంటే మీ అబ్బాయి మీదికి. జరిమానాలను ఏ లయబిలిటీ పాలసీ కట్టదు. క్రిమినల్ కేసులో లాయరు ఖర్చు వస్తుందా అన్నది ముందే అడిగి తెలుసుకోండి.

ఆ అబ్బాయిల సంగతి కూడా పబ్లిక్ లయబిలిటీలో లేదు. మీ పనివాళ్లు "పబ్లిక్" కిందికి రారు. వాళ్లను కుక్క కరిస్తే, లాగి పడేస్తే దానికి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ వేరుగా కావాలి. ఏజెంట్లు ఇప్పటికీ దాన్ని డబ్ల్యూసీ (వర్క్‌మెన్ కాంపెన్సేషన్) పాలసీ అనే అంటారు. అందులో వైద్య ఖర్చుల ఎక్స్‌టెన్షన్ తప్పకుండా వేయించండి. మీ పనిలో మరణాలు, అంగవైకల్యాలు అరుదు, కాట్లు, కుట్లు, ఇంజెక్షన్లే ఎక్కువ. మీకోసం మీరు పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ఒకటి తీసుకోండి, వ్యాపారం నడిపే మీకు డబ్ల్యూసీ వర్తించదు. జీతం లేకుండా వాక్‌కి ఇంత అని ఇచ్చే కుర్రాళ్లు ఉంటే వాళ్ల పేర్లు కూడా ప్రపోజల్‌లో, అంటే పాలసీ కోసం ఇచ్చే దరఖాస్తులో, రాయండి. లేకపోతే "అతను మీ ఉద్యోగి కాదు కదా, అతని తప్పుకు మీ పాలసీ ఎందుకు కట్టాలి" అన్న ప్రశ్న వస్తుంది. క్లయింట్ల ఇంటి తాళాలు మీ వాళ్ల దగ్గర ఉంటే, వాళ్ల చేతివాటానికి లయబిలిటీ పాలసీ వర్తించదు. దానికి ఫిడెలిటీ గ్యారంటీ అని వేరే కవర్ ఉంది. అది మీ సొమ్ముకేనా, క్లయింటు సొమ్ముకు కూడానా అన్నది చూసుకోండి.

కుక్కలను కారులో ఎక్కించి తీసుకెళ్లడం కూడా చేస్తుంటే, అక్కడ జరిగే ప్రమాదాలు మోటారు పాలసీ కిందికి పోతాయి, ఇందులో రావు. సొంత వాడకానికి తీసుకున్న కారును కిరాయికి తిప్పితే ఆ పాలసీకీ ఇబ్బందే.

ప్రపోజల్ ఫారం మీరే నింపండి, ఏజెంటుకు ఖాళీ ఫారం మీద సంతకం పెట్టి ఇవ్వకండి. ఒక మనిషి ఒకేసారి ఎన్ని కుక్కలను పట్టుకెళ్తారు, ఏ జాతులు, బోర్డింగ్‌లో గరిష్ఠంగా ఎన్ని, ఇల్లు అద్దెదా, గతంలో కాట్లు జరిగాయా అన్నీ ఉన్నదున్నట్టు రాయండి. "ఒక్కరికి రెండు కుక్కలు" అని రాసి నాలుగు పట్టుకెళ్తుండగా ప్రమాదం జరిగితే సీసీ కెమెరా ఫుటేజీయే మీకు ఎదురుతిరుగుతుంది. జాతుల దగ్గర ప్రత్యేకంగా చూడండి. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 జాతుల కుక్కల పెంపకాన్ని, అమ్మకాన్ని ఆపమంటూ రాష్ట్రాలకు లేఖ రాసింది. ఆ తర్వాతి నెలలోనే కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. అయినా రాట్‌వైలర్, పిట్‌బుల్ లాంటివి మీ పాలసీ మినహాయింపుల్లో ఉంటే కోర్టు తీర్పు మీకు సాయపడదు, పాలసీ షరతే చెల్లుతుంది. మీ 14 కుక్కల్లో అలాంటివి ఉంటే ముందే తేల్చుకోండి.

ప్రమాదం జరిగిన గంటలో ఏం చేస్తారన్నదే క్లెయిమును నిలబెట్టేది, పడగొట్టేది. కాటు అయితే ముందు కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగించండి. తర్వాత ఆస్పత్రి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి రేబీస్ టీకాకు అందరికీ తెలిసిన చోట్లు. చర్మంలోకి ఇచ్చే టీకా 0, 3, 7, 28 రోజుల్లో నాలుగు సార్లు, కండలోకి ఇచ్చేదైతే 14వ రోజు కూడా కలిపి ఐదు సార్లు. రక్తం వచ్చేంత కాటైతే ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే వెంటనే రక్షణ ఇచ్చే యాంటీబాడీల ఇంజెక్షన్, కూడా అవసరమని డాక్టరుకు గుర్తు చేయండి. కరిచిన కుక్కను 10 రోజులు గమనిస్తూ రాసిపెట్టండి.

ఆస్పత్రికి తీసుకెళ్లడం తప్పు ఒప్పుకోవడం కాదు, అది మనిషిగా చేయాల్సిన పని. కానీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "పొరపాటు మాదే, ఖర్చంతా మేమే పెట్టుకుంటాం" అని రాయకండి. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకోవడం, ఇంత ఇస్తామని మాట ఇవ్వడం, డబ్బు చేతిలో పెట్టడం పాలసీ షరతుకు విరుద్ధం. ఆ ఒక్క మెసేజీ చూపించి కంపెనీ క్లెయిము తిరగ్గొడితే తప్పు పట్టడానికి వీలుండదు. "ఆయన ఆరోగ్యం మాకు ముఖ్యం, ఆస్పత్రిలో పక్కనే ఉన్నాం, మిగతా విషయాలు ఇన్సూరెన్స్ ద్వారా చూస్తాం" అంటే చాలు.

అదే రోజు కంపెనీకి ఈమెయిల్ చేయండి, ఫోన్ చేసినా ఈమెయిల్ తప్పనిసరి. ఇంకా నోటీసు రాకపోయినా సరే, ఫలానా తేదీన ఫలానా చోట ఇలా జరిగింది, క్లెయిము రావచ్చు అని తెలియజేయండి. ముందు చెప్పిన క్లెయిమ్స్ మేడ్ చిక్కుకు చాలా పాలసీల్లో ఇదే మందు. వాచ్‌మన్‌ని బతిమాలి కాదు, అసోసియేషన్‌కి రాసి సీసీ కెమెరా ఫుటేజీ తీసుకోండి, కొద్ది రోజుల్లో దాని మీద కొత్త రికార్డింగ్ పడిపోతుంది. తెగిన లీష్, విరిగిన హుక్కు పారేయకండి. లీష్ తెగిందంటే తోలు కుట్టు దగ్గరా, హుక్కు తిరిగే చోటా అన్నది సర్వేయరు, అంటే కంపెనీ తరఫున ప్రమాదాన్ని పరిశీలించే మనిషి, అడుగుతారు. పెద్ద కుక్కలకు మెడపట్టీ ఒకటి, హార్నెస్ (ఛాతీకి తొడిగే పట్టీ) ఒకటి, రెండింటికీ క్లిప్పులు తగిలించిన లీష్ వాడితే ఒకటి జారినా రెండోది పట్టుకుంటుంది. నెలకోసారి హుక్కులు చూసి తేదీతో ఫొటో తీసి పెట్టుకుంటే "సరైన జాగ్రత్త తీసుకున్నాం" అనడానికి అదే సాక్ష్యం. సాగే తాడు లీష్‌లు ఈ పనిలో వాడవద్దు, అవి సన్నగా ఉండి చేయి కోస్తాయి, లాక్ జారితే కుక్క అయిదు మీటర్ల అవతల ఉంటుంది.

క్లెయిము అన్యాయంగా తిరస్కరిస్తే ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి, అంటే ఇన్సూరెన్స్ ఫిర్యాదులు విచారించే అధికారి దగ్గరికి, వెళ్లవచ్చు, ఏడాదిలోపు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల వరకు విచారిస్తారు. సొంత యాజమాన్య సంస్థలు, మైక్రో సంస్థల పాలసీలు కూడా అక్కడ తీసుకుంటారు. కాబట్టి మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు ప్రభుత్వ నమోదు) లేకపోతే ఇప్పుడే చేయించండి, ఆన్‌లైన్‌లో ఉచితం. పాలసీ కూడా అదే సంస్థ పేరు మీద, స్పెల్లింగ్ తేడా లేకుండా తీసుకోండి.

అసోసియేషన్ వాళ్లకు మొత్తం పాలసీ ఇవ్వనక్కర్లేదు. షెడ్యూలు పేజీ, వ్యాపార వివరణ ఉన్న ఎండార్స్‌మెంట్, ఈ రెండు కాపీలు చాలు. వాళ్ల పేరు కూడా పాలసీలో చేర్చమని అడిగితే అదనపు ఇన్సూర్డ్‌గా ఎండార్స్‌మెంట్ ఇస్తారేమో కంపెనీని అడగండి. ఇస్తే ఏఓవై 1:2 ఎందుకు కావాలన్నానో అప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది, ఎందుకంటే అదే పరిమితిని వాళ్లూ మీరూ పంచుకుంటారు.